తొమ్మిది గదులు

జొన్నచేను ఉండేది ఇక్కడ.
ఇప్పుడు తొమ్మిది గదులు, ఒక కొళాయి,
గాలికి లేవకుండా రేకుల మీద పెట్టిన రాళ్లు.
మసేరు శివార్లలో వీటిని లైన్లంటారు.
ఎదురెదురుగా తలుపులు,
మధ్యన ఒక మనిషి బకెట్టుతో నడిచేంత దారి.

కట్టించింది నేనే.
డబ్బు మాత్రం మా ఆయన ఊపిరితిత్తులది.
సరిహద్దు దాటి, ఇరవై రెండేళ్లు బంగారు గనిలో దిగి
సొంతానికి దగ్గొక్కటే తెచ్చుకున్నాడు.
ఆయన పోయిన ఆరేళ్లకు పరిహారం వచ్చింది.
సంతకం ఎక్కడ పెట్టాలో చూపించిన కుర్రాడు
"అదృష్టవంతురాలివి మాపులెంగ్" అన్నాడు.
మనసులో ఇటుకలు లెక్కపెట్టుకుంటూ
నేనూ కాదనలేదు.

అప్పటికే గనులు మగవాళ్లను వెనక్కి పంపేశాయి.
వాళ్లు గోడనీడన కూర్చుని
నీడతో పాటే జరుగుతున్నారు.
ఫ్యాక్టరీలకు కావలసినవి సన్నటి వేళ్లు.
కొండల మీంచి ఆడపిల్లలు దిగారు
ఒక కంబళి, ఒక గిన్నె,
ప్లాస్టిక్ కవరులో బడి సర్టిఫికెట్టుతో.

మూడో గదిలో మోసెలాంచా.
ఆ పేరుకు కుక్కతోక అని అర్థం.
ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే
చావుకు రోత పుట్టాలని తల్లి పెట్టుకుంది.
చావు సంగతేమో గానీ
సూపర్‌వైజరుకే ఆ పేరు నోరు తిరగదు,
నలభై ఏడూ అని పిలుస్తాడు.
జీన్సు ప్యాంటు నడుం లోపల చిన్న గుడ్డముక్క కుడుతుంది,
గంటకు నూట ఎనభై.
దాని మీద ఏం రాసుందే అని ఒక ఆదివారం అడిగాను.
"విడిగా ఉతకండి, రంగు దిగుతుంది" అని చదివింది.
మా వాగుకు ఎవరూ చదివి వినిపించలేదు.

ఆ వారమే దాని రుమాలు నీళ్లలో వేశాను.
నీలం.
చీదినచోటా దగ్గినచోటా నూగులా నీలం.
ఆయన రుమాలు బూడిదరంగులో ఉండేది.
జులై, మాకు మంచుకాలం,
వేళ్లు కొంకర్లు పోతున్నా
చేతులు చాలాసేపు బకెట్టులోనే ఉండిపోయాయి.
ఆ నెల అద్దె తీసుకోలేదని చెప్పాలనుంది.
తీసుకున్నాను.

మునిసిపాలిటీ నుంచి ఒకతను వచ్చి
పెద్ద మ్యాపు నా గుమ్మంలో పరిచాడు,
నాలుగు మూలలా నా రాళ్లే పెట్టి.
ఇరవయ్యేళ్ల తర్వాతి ఊరట.
బస్సుల దారి ఎర్రగా, చెట్లు పచ్చచుక్కలుగా,
వాగు, ఎవరు రంగు వేశారో గానీ, నీలంగా.
నా గదులున్న చోట తెల్లకాగితం.
"ఎన్ని కుటుంబాలు?" అన్నాడు.
కుటుంబాలు కావు నాయనా,
తొమ్మిది గదులు, పద్నాలుగు మంది, రెండు షిఫ్టులు,
మంచం చల్లారదు.
అలాంటి గడి ఫారంలో లేదన్నాడు.
గేటు నుంచి ఇక్కడిదాకా దారిలో
దీపాలెప్పుడు పెడతారంటే
మూడో దశలో అన్నాడు.
మొదటిది ఎంతవరకు వచ్చిందని అడగలేదు,
పాపం, అతని బూట్లకూ అతుకులే.

ఈమధ్య ఆర్డర్లు తగ్గాయి.
తెల్లవారకముందే గేటు బయట వరసగా నిలబడతారు,
ఒక వేలు వాళ్ల మీదుగా నడిచిపోతుంది.
అది తమ దగ్గర ఆగని రోజు
ఎనిమిదింటికే తిరిగొచ్చి నా పొయ్యి పక్కన కూర్చుంటారు.
మాట్లాడరు.
నేను గంజిలో ఇంకో చెంబు నీళ్లు పోస్తాను.

గోడకు బయటివైపు ఒక బల్బు పెట్టించాను.
ముందు డబ్బు కడితేనే వెలిగే మీటరు నాది.
పనున్న రోజుల్లో రెండో షిఫ్టు పదింటికి వదులుతారు.
కంబళి కప్పుకుని
తలుపుల చప్పుడు లెక్కపెడతాను.
నాలుగు. ఐదు.
నవ్వుకుంటూ ఒకత్తి, ఆరు.

మీటరులో ఇంకా రెండు యూనిట్లున్నాయి.
మూడో గది తలుపు మోగలేదు.
ఆర్పను.